‘సూర్యకాంతం’ అని పేరు పెట్టారని మెత్తబడాలా?

ప్రశ్న: అక్కా, నేను జీడిమెట్ల వైపు ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలో పని చేస్తున్నాను. వయసు 37. పదకొండేళ్లు క్యూఏలో (నాణ్యత చూసే విభాగంలో) చేశాక, ఎనిమిది నెలల కిందట ప్రొడక్షన్‌లో ఒక బ్లాక్‌కి ఇన్‌చార్జ్‌గా వేశారు. మా ప్లాంట్‌లో ప్రొడక్షన్‌కి ఆడమనిషి ఇన్‌చార్జ్‌గా రావడం ఇదే మొదటిసారి. కింద 42 మంది, అందరూ మగవాళ్లే. నా వెనకాల నన్ను ‘సూర్యకాంతం’ అంటారని ఈ మధ్యే తెలిసింది. నాకు ముందున్న సార్ కోపమొస్తే లాగ్‌బుక్ తీసి విసిరేవారు, ఆయన్ని మాత్రం ‘సార్ బాగా స్ట్రిక్ట్’ అనేవాళ్లు. ఒక సీనియర్ ఆపరేటర్ అయితే నేను పక్కనే నిలబడి ఉన్నా ఏ విషయమైనా నా అసిస్టెంట్‌కే చెబుతాడు. అప్రైజల్‌లో మా ప్లాంట్ హెడ్ ‘పని బాగుందమ్మా, కానీ కాస్త సాఫ్ట్‌గా ఉండాలి, టీం నీ దగ్గరికి రావడానికి జంకుతోంది’ అన్నారు. రేటింగ్ ఒక మెట్టు తగ్గింది. నా తప్పు కూడా ఒకటుంది. మొన్న ఒక కెమిస్ట్ బ్యాచ్ రికార్డులో, అంటే ఒక్కో విడత తయారీ వివరాలు రాసే కాగితాల్లో, అంకె దిద్దేశాడని రాత్రి పదకొండు గంటలకి షిఫ్ట్ వాట్సాప్ గ్రూపులోనే ‘నువ్వసలు బీఫార్మసీ ఎలా పాసయ్యావ్’ అని పెట్టేశాను. ఇంకోటి, నవ్వకండి, బ్లాక్‌లో పుట్టినరోజులకీ రిటైర్‌మెంట్లకీ డబ్బులు వసూలు చేసి కేకు తెచ్చేది ఇప్పటికీ నేనే, ఈ నెలాఖరుకి స్టోర్స్ ఆయన రిటైర్‌మెంట్ ఉంది, అదీ నా నెత్తినే. ఇంట్లో మావారు ‘హాయిగా క్యూఏకి వెళ్లిపోవచ్చు కదా’ అంటారు. మా అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ జీతం నుంచి లిఫ్ట్ రిపేరు దాకా అన్నీ చూసే మా అత్తగారు కూడా ‘ఆడపెత్తనం మగవాళ్లు ఎందుకు ఒప్పుకుంటారు’ అంటారు. నేను మారాలా, వెనక్కి వెళ్లిపోవాలా?
(పేరు రాయొద్దు, కుత్బుల్లాపూర్)

సమాధానం: చెల్లీ, ‘నువ్వు’ అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు. మీరు, తమరు అంటూ ఈ విషయం మాట్లాడటం నా వల్ల కాదు.

ముందు ఆ సూర్యకాంతం సంగతి. తెర మీద కోడళ్లను రాచి రంపాన పెట్టిన ఆవిడ, షూటింగ్‌కి ఇంటి నుంచి వంటలు మోయించుకొచ్చి అందరికీ కొసరి కొసరి పెట్టేదని ఆవిడతో పని చేసినవాళ్లు కథలు కథలుగా చెప్పుకునేవారు. నువ్వూ కేకులు మోస్తున్నావు కాబట్టి ఆ లెక్కన పేరు బాగానే కుదిరింది. నవ్వులాట పక్కన పెడితే, గయ్యాళి అనే మాటకి మన తెలుగులో మగ జోడీ ఏదో చెప్పు చూద్దాం. లేదు. నోరు పెట్టుకుని పని చేయించే మగవాడికి ‘నిక్కచ్చి మనిషి’, ‘ఖచ్చితమైన మనిషి’, ‘పనిరాక్షసుడు’ అని ఎంచుకోవడానికి నాలుగు మాటలున్నాయి, అన్నీ కాస్త గౌరవం కలిపినవే. అదే ఆడమనిషి చేస్తే గయ్యాళి, గడసరి, మగరాయుడు. పోనీ మెత్తగా ఉందనుకో, ‘పాపం మంచిదే కానీ ఆవిడ వల్ల ఏమవుతుంది’ అంటారు. రెండు వైపులా దెబ్బే. నీ గొంతు సంగతి తర్వాత, నీకోసం మాట ముందే తయారుగా ఉంది, నువ్వెళ్లి ఆ కుర్చీలో కూర్చోగానే తగిలించారు.

మెత్తగా ఉండి చూసిన అనుభవం నాకుంది కాబట్టి చెబుతున్నా. ముప్పై ఏళ్ల కిందట సిటీలోనే ఒక బ్యాంకు బ్రాంచికి మేనేజర్‌గా వెళ్లాను. బ్యాంకు పేరు వద్దులే. అక్కడ నాకంటే పదేళ్లు పెద్దాయన అకౌంటెంట్. లోన్ ఫైళ్లన్నీ ముందు ఆయన టేబుల్ మీదకి వెళ్లేవి, ఆయన ‘ఊఁ’ అన్నాక నా దగ్గరికి సంతకానికి వచ్చేవి, అంటే నేను రబ్బరు స్టాంపునన్నమాట. ఒకసారి ఒక వ్యాపారి నా క్యాబిన్ తలుపు తోసుకుని వచ్చి, ‘మేడమ్, అకౌంటెంట్ సార్ సీట్లో లేరు, ఎప్పుడొస్తారో కాస్త చెబుతారా, లోన్ గురించి మాట్లాడాలి’ అన్నాడు, నా టేబుల్ మీద మేనేజర్ అని ఇత్తడి బోర్డు తళతళా మెరుస్తూనే ఉంది. మెత్తగా ఉంటే అందరూ దారికొస్తారని మా నాన్నగారు చెప్పిన మాట పట్టుకుని ఏడాది పాటు గొంతు పెంచలేదు, సంక్రాంతికి అరిసెలు పంచాను, క్లర్కు కూతురి పెళ్లికి రెండు రోజుల ముందే వెళ్లి కూర్చున్నాను. ఫలితం? ‘మా మేడమ్ బంగారం’ అనే పేరొచ్చింది. ఫైళ్లు మాత్రం ఆయన టేబుల్ మీదకే వెళ్లాయి.

అప్పుడు నేను చేసింది చిన్న పనే. ఆయన్ని ఒక్కడినే పిలిచి, ‘ఇకనుంచి నాకు రావాల్సిన ఫైలు మీ దగ్గరికి వస్తే మీరు తేవద్దు, తెచ్చిన మనిషినే నా దగ్గరికి పంపండి’ అన్నాను. అంతే, అరవలేదు. ఆయనకి బాగా కోపం వచ్చింది. మూడు నెలలు పట్టింది, బంగారం పోయి మొండిఘటం అయ్యాను, కానీ ఫైళ్లు నా టేబుల్ మీదకి వచ్చాయి. నువ్వు రాసిన ఆ సీనియర్ ఆపరేటర్‌తో గొడవ పెట్టుకోకు. మాట్లాడాల్సింది నీ అసిస్టెంట్‌తో. అతను ప్రతిసారీ విని, నీ బదులు తనే జవాబు చెప్పేస్తున్నాడు చూడు, ఆ దారి మూసెయ్యాలి. ‘మేడమ్ ఇక్కడే ఉన్నారు, ఆవిడకి చెప్పు’ అని ఆ ఒక్క వాక్యం అతను అంటే చాలు, నువ్వు వందసార్లు గుర్తు చేసినా రాని ఫలితం వస్తుంది. అతను అననంటే మాత్రం అసలు సమస్య ఆపరేటర్ కాదని తెలుసుకో.

ఇప్పుడు నీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాట ‘మొదటిసారి’. మన దేశంలోనే దీని మీద మంచి పరిశోధన జరిగింది, పశ్చిమ బెంగాల్ పంచాయతీల్లో. అక్కడ అప్పట్లో మూడో వంతు ప్రధాన్ పదవులు, అంటే మన సర్పంచ్ లాంటివి, ఆడవాళ్లకి వంతులవారీగా వచ్చేవి, ఏ ఊరికి ఎప్పుడన్నది ఊరి ఇష్టంతో సంబంధం ఉండేది కాదు. పరిశోధకులు ఏం చేశారంటే, ఒకే ప్రసంగాన్ని ఒకసారి మగ గొంతుతో, ఒకసారి ఆడ గొంతుతో రికార్డు చేసి ఊళ్లో జనానికి వినిపించి ఈ నాయకుడు ఎలా ఉన్నాడు, ఈ నాయకురాలు ఎలా ఉంది అని అడిగారు. ఆడ ప్రధాన్‌ని ఎప్పుడూ చూడని ఊళ్లలో మగవాళ్లు ఆడ గొంతుకి తక్కువ మార్కులు వేశారు, మాటలు అక్షరం పొల్లుపోకుండా అవే అయినా. ఒక్కసారి ఆడ ప్రధాన్‌ని చూసిన ఊళ్లలో ఆ తేడా దాదాపు పోయింది. 2009లో అచ్చయిన పని ఇది, చేసినవాళ్లలో ఎస్తేర్ డుఫ్లో ఒకరు, ఆ తర్వాత 2019లో ఆవిడకి అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అందులో నాకు బాగా నచ్చింది, నీకు పనికొచ్చేది ఇంకోటుంది. ఆడ ప్రధాన్‌ని చూశాక కూడా ‘ఆడవాళ్లు నాయకులుగా ఉండటం మీకు ఇష్టమేనా’ అంటే వాళ్ల జవాబేమీ మారలేదు. ఇష్టం పెరగలేదు. పని చేయగలరన్న లెక్క మాత్రం మారింది.

అంటే ఏంటి? వాళ్లు నిన్ను ఇష్టపడే రోజు కోసం కూర్చుంటే మీ బ్లాక్‌లో రియాక్టర్లు తుప్పు పడతాయి. నీ లెక్క మారడానికి మాత్రం ఎనిమిది నెలలు చాలా తక్కువ. మొట్టమొదట వచ్చిన ఆడమనిషికి, ఎంత బాగా చేసినా, ఆ తక్కువ మార్కులు పడతాయి. అది న్యాయం కాదు, కానీ లెక్క అలాగే ఉంది.

‘కిందివాళ్లు ఒప్పుకోరు’ అన్న మాట మీ అత్తగారు కనిపెట్టింది కాదులే. సైన్యంలో మహిళా అధికారులకి పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యేదాకా ఉద్యోగం), కమాండ్ పోస్టులు ఇవ్వకూడదని కేంద్రం సుప్రీంకోర్టులో వాదించినప్పుడు, సిపాయిలు ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చినవాళ్లు, ఆడ అధికారి ఆజ్ఞలు తీసుకోవడానికి మానసికంగా ఇంకా సిద్ధంగా లేరు అని కూడా చెప్పింది. 2020 ఫిబ్రవరి 17న కోర్టు ఆ వాదన చెల్లదని కొట్టేసింది. సిద్ధంగా లేనిది ఎవరో, దానికి శిక్ష ఎవరికి పడుతోందో చూడు. నీ రేటింగ్‌లో తగ్గిన ఆ మెట్టూ అదే బాపతు.

సరే, ఆ అప్రైజల్‌కి వద్దాం, ఇక్కడ కాస్త నెమ్మదిగా చదువు. నువ్వు పదకొండేళ్లు క్యూఏలో చేశావు. ఎవరైనా బ్యాచ్ రికార్డులో ‘బాగానే వేడి చేశాం, బాగానే కలిపాం’ అని రాసుకొస్తే సంతకం పెడతావా? ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు, ఎన్ని ఆర్‌పీఎం అని అడిగి కాగితం వెనక్కి విసురుతావు (విసరొద్దు, ఆ సార్ గుర్తొస్తాడు, వెనక్కి ఇస్తావు). మరి ‘కాస్త సాఫ్ట్‌గా’ అన్న మాట మీద నీ రేటింగ్ ఎలా ఒప్పుకున్నావ్? ప్లాంట్ హెడ్ దగ్గర అరగంట టైం తీసుకో. ‘సార్, ఏ రోజు, ఎవరు, ఏ విషయం నాకు చెప్పడానికి జంకారు? దాని వల్ల ఏ బ్యాచ్‌లో ఏం ఆగింది? నేను ఎలా చేసి ఉంటే బాగుండేది?’ అని అడుగు. నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. బయటికి వచ్చాక ఆయన చెప్పింది, నువ్వు చెప్పింది నాలుగు లైన్లు మెయిల్ పెట్టు. అమెరికాలో కీరన్ స్నైడర్ అనే ఆవిడ 2014లో టెక్ కంపెనీల అప్రైజల్ కాగితాలు 248 కూడబెట్టి చదివితే, ఆడవాళ్ల వాటిలో మాట తీరు, దూకుడు, స్వభావం మీద విమర్శలు కుప్పలు కుప్పలుగా ఉన్నాయట, మగవాళ్లకి ఆ బాపతు దాదాపు కనబడలేదు, వాళ్లకి ఈ పని నేర్చుకో, ఆ పని ఇలా చెయ్యి అని చెప్పారు. అందుకే నీకూ పని గురించి చెప్పమని అడుగు అంటున్నా.

అయితే ఆయన నిజంగా ఏదైనా ఒక సంఘటన చూపిస్తే చెవి పెట్టి విను. ఎందుకంటే మీది బల్క్ డ్రగ్ ప్లాంట్. రియాక్టర్‌లో వేడి పెరుగుతోందనో, సాల్వెంట్ కారుతోందనో ‘మేడమ్ తిడుతుందేమో’ అని ఒక్కడు అరగంట దాచినా ఏమవుతుందో నేను నీకు చెప్పక్కర్లేదు, అక్కడ ఆడా మగా లేదు, ప్రాణాల సంగతి. ఇది తేల్చుకోవడానికి నీ దగ్గరే ఒక కొలత ఉంది. పద్ధతి తప్పి జరిగినవన్నీ రాసే డీవియేషన్ రిజిస్టర్ తీసి, పాత సార్ చివరి ఎనిమిది నెలలు, నీ ఎనిమిది నెలలు పక్కపక్కన పెట్టు. నీ టైంలో వాళ్లంతట వాళ్లే వచ్చి రాసినవి పెరిగాయా? పెరిగితే జంకుతున్నారన్న మాటే అబద్ధం, ఆ కాగితం ప్లాంట్ హెడ్ ముందు పెట్టు. తగ్గితే, ఫెయిలైన బ్యాచ్‌లు కూడా తగ్గాయా లేదా చూడు. రాతలు తగ్గి ఫెయిలవడం తగ్గకపోతే, దాస్తున్నారన్నమాట, అప్పుడు ఆయన చెప్పిన దాంట్లో నిజం ఉంది.

ఇక ఆ వాట్సాప్ మెసేజ్. అది తప్పే చెల్లీ, దాన్ని నేను సమర్థించను. పాత సార్ లాగ్‌బుక్ విసిరినా ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి నాకూ ఆ హక్కు ఉండాలి అని నీ మనసులో ఎక్కడో ఉంటే తీసి పారెయ్, సమానత్వం అంటే అందరం కలిసి లాగ్‌బుక్కులు విసరడం కాదు. ఆ కుర్రాడు అంకె దిద్దడం తప్పు, దానికి కాగితం మీద జరగాల్సింది జరగాలి, అందులో మెత్తదనం అక్కర్లేదు. కానీ వాడి చదువుని 42 మంది ముందు తీసుకొచ్చావు. ఏం చెయ్యాలో నీకు బాగా తెలుసు. రికార్డులో తప్పు పడితే చెరిపేసి పైన రాయరు, ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, కారణం. నీ మెసేజ్‌కి కూడా అదే చెయ్యి. ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ కొట్టి మర్చిపోతే వాడు చేసిన పనే నువ్వూ చేసినట్టు. షిఫ్ట్ మారేటప్పుడు, హ్యాండోవర్ దగ్గర, అందరూ ఉండగా, ‘ఆ రోజు గ్రూపులో నేను అన్నది తప్పు, దిద్దిన అంకె కూడా తప్పే, అది వేరే చూస్తాం’ అను. రెండు ముక్కలు. మూడో ముక్క అన్నావంటే సంజాయిషీ అయిపోతుంది.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ గుర్తొస్తోంది, విద్యానగర్‌లో ఆవిడ పేరున్న ఆసుపత్రి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా గుర్తొస్తుంది. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఆవిడకి పద్నాలుగేళ్లు, ఖాదీ ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీరు. టికెట్ లేనివాళ్లని లోపలికి పంపొద్దన్నారు. నెహ్రూ వచ్చాడు, టికెట్ లేదు, ఆపేసింది. టికెట్ కొనిచ్చాకే వదిలింది. నిర్వాహకులు ఆ పిల్ల మీద మండిపడ్డారు, నెహ్రూ మాత్రం మెచ్చుకున్నాడు. నువ్వు బ్యాచ్ రికార్డు దగ్గర చేస్తున్నదీ ఆ గేటు డ్యూటీయే. ఆ పిల్ల మాత్రం ‘నువ్వసలు బారిస్టరు ఎలా పాసయ్యావ్’ అని నెహ్రూని అడగలేదు.

కేకు గురించి నవ్వొద్దన్నావు, నేను నవ్వను. ప్రమోషన్ తెచ్చిపెట్టని ఇలాంటి పనుల గురించి లిండా బాబ్‌కాక్, లీసే వెస్టర్‌లండ్ అనే ప్రొఫెసర్లు, ఇంకో ఇద్దరు కలిసి 2017లో ఒక పరిశోధన అచ్చు వేశారు. ఆడా మగా కలిసి ఉన్న గుంపులో ఎవరో ఒకరు చెయ్యాల్సిన పని వస్తే, ఆడవాళ్లని అడగడం మగవాళ్లని అడిగిన దానికంటే 44 శాతం ఎక్కువ, అడిగేది ఆడమనిషి అయినా సరే. అడిగాక ఒప్పుకున్నది ఆడవాళ్లు 76 శాతం, మగవాళ్లు 51. చూశావా, అడగటం ఎక్కువ, కాదనటం తక్కువ, రెండూ కలిసి మన నెత్తిన కూర్చున్నాయి. మా బ్యాంకులో మార్చి 8 వస్తే హాల్లో పెద్ద ఫ్లెక్సీ కట్టేవాళ్లు. నా ఉద్యోగం చివరి ఏళ్లలో దాని మీద టెస్సీ థామస్ గారి ఫొటో ఉండేది, అదే మన హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ల్యాబ్‌లో అగ్ని-4 క్షిపణికి ప్రాజెక్టు డైరెక్టర్‌గా చేసినావిడ. ఫ్లెక్సీ కింద నిలబడి గులాబీలు, కూల్ డ్రింకులు పంచే డ్యూటీ మాత్రం ఎప్పుడూ ఆడ స్టాఫ్‌దే. నువ్వు ‘ఇకనుంచి కేకు తేను’ అని ప్రకటన చెయ్యకు, దానికీ ఒక పేరు పెడతారు. నోటీసు బోర్డు మీద పేర్ల వరసలో నెలకొకరు అని రోస్టర్ పెట్టు. షిఫ్ట్‌లు వెయ్యడం నీ పనే కదా, ఇదీ ఒక షిఫ్టే. నీ పేరు కూడా అందులో ఉండాలి, నీ వంతు వచ్చినప్పుడు మంచి కేకు తే.

ఇంటి సంగతి పెద్దగా సాగదీయను. మీవారి మాట వెనక ఏ భయం ఉందో అడుగు. రాత్రి షిఫ్ట్ నుంచి ఎలా వస్తావన్నదైతే దాన్ని క్యాబ్ గురించి మాట్లాడి తేల్చుకోండి, దానికోసం ఉద్యోగం మార్చుకోనక్కర్లేదు. ఒకప్పుడు 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఆడవాళ్లు సాయంత్రం ఏడు దాటాక పని చెయ్యకూడదని ఉండేది, 2002లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిబంధనని కొట్టేసింది. ప్రొడక్షన్‌లో ఆడవాళ్లు ఎందుకు కనబడరంటే దానికి ఇలాంటి పాత కారణాలు కూడా ఉన్నాయి, ‘వాళ్ల వల్ల కాదు’ అన్నది ఒక్కటే కాదు. భయం ఏమీ లేదు, ఊరికే నువ్వు టెన్షన్ పడుతుంటే చూడలేక అంటున్నాడనుకో, అది వేరే, అది ప్రేమ, దానికి థాంక్స్ చెప్పి నీ పని నువ్వు చూసుకో. ఇక మీ అత్తగారు! మెయింటెనెన్స్ కట్టని ఫ్లాటు వాళ్ల చేత కట్టించి, వాచ్‌మన్‌ని పొద్దున్నే లేపి, లిఫ్ట్ కంపెనీ వాడితో బేరం ఆడి నిలబెట్టుకొస్తున్న మనిషి కదా, ఆ అపార్ట్‌మెంట్‌లో మగవాళ్లు ఆవిడ పెత్తనం ఎలా ఒప్పుకున్నారో ఒకసారి కూర్చోబెట్టి అడుగు. వెక్కిరింతకి కాదు. ఆవిడ దగ్గర నీకు పనికొచ్చే కిటుకులు ఖచ్చితంగా ఉంటాయి.

వెనక్కి వెళ్లాలా అంటే, నీకు క్యూఏ పనే ఇష్టమైతే వెళ్లు, అందులో తలవంపులేమీ లేవు. పేరు పెట్టారని మాత్రం వెళ్లకు. నీ మీద ఆడవాళ్లందరి భారం పెట్టడం నాకు ఇష్టం లేదు, కాబట్టి నీ తర్వాత వచ్చే అమ్మాయి కోసం ఉండు అని చెప్పను. నీకోసమే ఇంకో ఏడాది ఉండు. అప్పటికీ ప్లాంట్ హెడ్ ఒక్క తేదీ, ఒక్క సంఘటన చెప్పలేక మళ్లీ ‘సాఫ్ట్‌’ అనే అంటే, రెజ్యూమె బయటికి తీయి. క్యూఏ, ప్రొడక్షన్ రెండూ చేసినవాళ్లు దొరకడం కష్టం, పాశమైలారం నుంచి జీనోమ్ వ్యాలీ దాకా మన ఊరి చుట్టూ ఉన్నవన్నీ మందుల కంపెనీలే.

స్టోర్స్ ఆయన రిటైర్‌మెంట్‌కి కేకు ఆర్డర్ ఇచ్చేశావా? ఇచ్చేస్తే ఇచ్చావులే. తేవడానికి బేకరీకి వెళ్లేది మాత్రం రోస్టర్‌లో మొదటి పేరున్నవాడు. పేర్ల వరస అక్షరక్రమంలో వెయ్యి, లేకపోతే దాని మీద కూడా పంచాయితీ పెడతారు.